చేపల తొట్టి - చేతుల రక్షణ

(గ్రామ పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠము)



ఈ తరగతులలో మీరింతవరకు పన్నుల వసూలును గురించియు, మంచినీటి పథకములను గురించియు, మురుగు కాలువలను గురించియు వినియున్నారు. ఇప్పుడు మేము చేపల తొట్టిని గురించి మాటలాడబోవుచున్నామనగానే వెనుక వరుసలో కొందరు నవ్వుకొనుట మాకు కనబడినది. నవ్వుటలో తప్పులేదు. గాజుతొట్టిలో రంగుచేపలను పెంచుట పట్టణములలోని కలవారి వేడుకయని యొకప్పుడు మేమును తలచియుంటిమి. నేడు పల్లెలలోను ఆ తొట్టి కనబడుచున్నది. మంగలి దుకాణములో నున్నది, మందుల షాపులో నున్నది, బడిలో నున్నది. కొన్ని పంచాయతీ కార్యాలయములలో అధ్యక్షుల బల్ల ప్రక్కనే యున్నది. తొట్టి కొన్ననాడు దుకాణదారుడు చేపకు మేత యెంత వేయవలెనో చెప్పును గాని, తొట్టిలో చేయి పెట్టువాని చేతిని గురించి చెప్పువారు అరుదు.

రాజ్యాంగములోని 11వ షెడ్యూలు పంచాయతీలకు అప్పగింపదగినవిగా 29 అంశములను పేర్కొన్నది. మత్స్య పరిశ్రమ అందులో 5వది. ఆరోగ్యము, పారిశుద్ధ్యము 23వది. నేటి మా విషయము ఈ రెంటికిని నడుమ నున్నది.

మొదట ఒక దర్జీ సంగతి చెప్పెదము. ఆయన పేరును ఊరును చెప్పము. ఆయన మాకు బాగుగా ఎరుకైనవాడు. తల్లుల వెంట వచ్చు పిల్లలు అల్లరి చేయకుండ చూచుచు కూర్చుందురని తన దుకాణములో నొక చేపల తొట్టి పెట్టుకొన్నాడు. ప్రతి ఆదివారము దుకాణము మూసిన పిదప అద్దమునకు పట్టిన పాచిని పాత బ్లేడుతో గీకి నీరు మార్చెడివాడు. ఒకనాడు బ్లేడు జారి కుడిచేతి నడిమివ్రేలి కణుపుపై చిన్న గీత పడినది. గుడ్డపీలిక చుట్టి పని ముగించినాడు. గీత మూడు దినములలో మానినది. ఆయన దానిని మరచిపోయినాడు.

నాలుగు వారములైన పిదప అదే కణుపుపై ఎర్రని బుడిపె యొకటి లేచినది. నొప్పి అంతగా లేదు. ముల్లు విరిగినదేమోయని సూదితో కెలికినాడు. మందుల షాపులో నొక పూతమందు కొని రాచినాడు; ఎరుపు కొంత తగ్గి, తరువాత బుడిపె మరింత పెరిగినది. రెండు నెలలకు చేతి వెనుక భాగమున మరియొకటి, ముంజేతిపై మరియొకటి, దారమునకు గుచ్చినట్లు వరుసగా లేచినవి. ఊరిలో గుసగుసలు బయలుదేరినవి. కుష్ఠు అన్నవారు కొందరు, క్షయ అన్నవారు కొందరు. బట్టలు కుట్టింప వచ్చువారు తగ్గిపోయినారు. నిజమునకు అది కుష్ఠే అయినను దూరము పెట్టవలసిన పని లేదు. కుష్ఠుకు ప్రభుత్వము ఉచితముగ మందు లిచ్చుచున్నది, అది నయమగు వ్యాధి. ఈ మాట మీలో ప్రతి యొక్కరును మీ వార్డులో గట్టిగా చెప్పవలసియున్నది.

ఐదు నెలలలో ఆయన మూడు చోట్ల చూపించుకొన్నాడు. చేపల సంగతి అడిగినవారు లేరు, చెప్పవలెనని ఆయనకును తోచలేదు. తుదకు నొక చర్మవైద్యుడు, "ఏమి పని చేస్తావయ్యా?" అని యడిగినాడు. "కుట్టుపనండి" అన్నాడు. "ఇంకేమి చేస్తావు?" "ఇంకేమీ లేదండి." వెంట వచ్చిన ఆయన చిన్నకూతురు, "మా నాన్న చేపలకు నీళ్లు మారుస్తాడండి" అన్నది. వైద్యుడు కలము క్రింద పెట్టి ఆ పిల్లను దగ్గరకు పిలిచి మరల అడిగినాడు. బుడిపె నుండి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపినారు. ఆరు నెలలు మందులు మ్రింగిన పిమ్మట పుండ్లు మానినవి. వ్రేలు దక్కినది గాని పూర్తిగా వంగదు. ఇప్పుడు ఆయన కొలతలు తీసి మిషను త్రొక్కును. కత్తెర పని మేనల్లుడు చేయును. కత్తెర పట్టలేని దర్జీకి ఆ కణుపు విలువ యెంతో మీరే లెక్కకట్టుకొనవచ్చును.

ఈ వ్యాధికి కారణమైన సూక్ష్మజీవి పేరు మైకోబాక్టీరియం మరైనం. క్షయను, కుష్ఠును కలిగించు సూక్ష్మజీవుల కుటుంబమునకే చెందినది, కాని వానివలె ఒకరినుండి మరియొకరికి అంటుకొనదు. 1926లో అమెరికాలోని ఫిలడెల్ఫియా నగర మత్స్య ప్రదర్శనశాలలో చచ్చిన సముద్రపు చేపలలో దీనిని ఆరన్సన్ అను శాస్త్రజ్ఞుడు కనుగొన్నాడు. సముద్రపు చేపలలో దొరకినందున ఆ పేరు వచ్చినది గాని మంచినీటిలోను ఇది నివసించును. 1951లో స్వీడనులో ఈత కొలనులకు పోయి మోచేతులు గీరుకొన్నవారి పుండ్లలో ఇది కనబడినది. కొలను నీటికి క్లోరిను సరిగా కలుపుట వలన ఆ దారి చాలవరకు మూసుకొన్నది. 1962లో చేపల తొట్టి గీరుకొన్న చేతులలో ఇదే వ్యాధిని అమెరికా వైద్యులు వర్ణించినారు. నాటినుండి దీనికి చేపలతొట్టి వ్యాధియను వాడుక పేరు స్థిరపడినది.

ఇది చేతులనే పట్టుటకు కారణము తెలిసికొనదగినది. మన దేహపు లోపలి వేడిమి 37 డిగ్రీలు. ఈ సూక్ష్మజీవి 30 డిగ్రీల ప్రాంతమున బాగుగా పెరుగును, 37 డిగ్రీలలో దానికి సుఖము లేదు. వ్రేళ్లు, మోచేతులు, మోకాళ్లు లోపలి అవయవములకంటె చల్లగా నుండును గనుక అక్కడనే నిలిచిపోవును. మన కోస్తా జిల్లాలలో తొట్టి నీరు సంవత్సరములో చాలభాగము దాదాపు ఆ వేడిమిలోనే యుండును. చలిదేశములవారు విద్యుత్తుతో వేడిచేసి తయారుచేయు పరిస్థితి మనకు ఊరకనే లభించుచున్నది!

గీత పడిన తరువాత రెండు మొదలు నాలుగు వారములకు సాధారణముగా బుడిపె కనబడును. ఒక్కొక్కప్పుడు కొన్ని నెలలు పట్టును. అప్పటికి గీత సంగతి ఎవ్వరికిని జ్ఞాపకముండదు. కనుక తొట్టిలో గాని చెరువులో గాని చేయి తెగిన దినమున గోడమీది క్యాలెండరులో ఆ తేదీ వద్ద ఒక గుర్తు పెట్టుకొనుడు. పాలలెక్క వ్రాయుచోటనే వ్రాయవచ్చును. బుడిపె లేచినచో వైద్యునితో మొట్టమొదట చెప్పవలసిన మాట, "నేను చేపల నీటిలో చేయి పెట్టుదును" అనునదే. ఆ మాట విన్న వైద్యుడు పరీక్షశాలకు ప్రత్యేకముగ వ్రాసి పంపును. ఏలయన ఈ సూక్ష్మజీవిని 30 డిగ్రీల దగ్గర వారముల తరబడి పెంచి చూడవలెను; మామూలుగా 37 డిగ్రీలలో ఉంచినచో అది పెరుగక, ఏమియు లేదని చీటీ వచ్చును. క్షయకు వాడు మందులలో ఐసోనియజిడ్, పైరజినమైడ్ దీనిపై పనిచేయవు. రిఫాంపిసిన్, ఇథాంబ్యుటాల్ పనిచేయును. కాబట్టి ఇంటిలో ఎవరికో మిగిలిన క్షయ మాత్రలను మ్రింగుట తగదు. షాపులో అడిగి కొను పూతమందులలో అనేకమునందు స్టెరాయిడు కలిసియుండును. అది పైకి ఎరుపును అణచి లోపల వ్యాధిని పెంచును. దర్జీకి జరిగినది అదియే.

ఇక తొట్టి పని చేయవలసిన విధానము.

చేయి పెట్టుటకు ముందు చేతిని చూచుకొనవలెను. గోరుచుట్టు, కోత, పగులు, కాలిన గాయము ఉన్నచో ఆ దినమున మరియొకరు పని చేయవలెను, లేదా మోచేతి వరకు వచ్చు రబ్బరు తొడుగులు వేసికొనవలెను. అతికించు పట్టీ చాలదు, నీటిలో ఊడును. తొడుగులో నీరు నింపి పిసికినచో చిల్లు ఉన్నది లేనిది తెలియును. ఉంగరములను, గాజులను తీసి ప్రక్కన పెట్టవలెను. వాని క్రింద మురికి నిలుచును, గాజు పగిలినచో చేయి తెగును. తొట్టిలో పెట్టబోవు చేతిని శుభ్రమైన నీటితో మాత్రమే కడుగవలెను, సబ్బుతో కాదు. ఒకవేళ సబ్బు వాడినచో దాని వాసన కూడ మిగులకుండ కడుగవలెను. సబ్బు చేపకు హాని. కొబ్బరినూనె రాసిన చేయి పెట్టినచో నీటిపై తెట్టు కట్టును. పైరుకు పురుగుమందు కొట్టి వచ్చిన చేయి అసలే పనికిరాదు. సైపర్‌మెత్రిన్, డెల్టామెత్రిన్ వంటి మందులు మనకంటె చేపలకు అనేకరెట్లు విషము. తొట్టి వద్ద దోమల మందు వెలిగించి, ఉదయము చేపలు తేలినవని దుకాణదారుని తిట్టినవారు కూడ కలరు.

పాచి గీకుటకు బ్లేడు వలదు. పాత ప్లాస్టిక్ కార్డు గాని, పిడి పొడుగైన స్పాంజి గాని చాలును. రాళ్లను, మొక్కలను సర్దుటకు పొడుగు పట్టుకారు వాడవలెను. గొట్టముతో నీరు లాగునపుడు నోరు పెట్టి పీల్చు అలవాటు మనలో చాలమందికి కలదు. ఇది పూర్తిగా మానవలసినది. గొట్టమును మొత్తము నీటిలో ముంచి నింపి, రెండు కొసలను బొటనవ్రేళ్లతో మూసి, ఒక కొసను క్రిందనున్న బకెట్టులోనికి దించి వదలినచో నీరు తనంత తానే దిగును.

పని ముగిసిన తరువాత మాత్రము సబ్బు తప్పక వాడవలెను. పారునీటిలో, మోచేతి నుండి గోళ్ల సందుల వరకు, 20 సెకండ్లకు తగ్గకుండ రుద్దవలెను. వంటపాత్రలు తోము చోట చేతులు కడుగుట, తొట్టినీరు పారబోయుట కూడదు. తొట్టినీటిలో విరేచనములు కలిగించు సాల్మొనెల్లా వంటి సూక్ష్మజీవులును ఉండవచ్చును. ఐదేండ్లలోపు పిల్లలు తొట్టిలో చేయి ముంచి వెంటనే నోటిలో పెట్టుకొందురు. వారి చేతిని పెద్దలే పట్టుకొని కడుగవలెను. చేయి గీరుకొన్నచో అప్పటికప్పుడు సబ్బుతో పారునీటిలో కడిగి, ధనుర్వాతపు సూది వేయించుకొనవలెనా యని ఆరోగ్య కార్యకర్తను అడుగవలెను.

వ్యాధి నెలల మీద పనిచేయును. విద్యుత్తు క్షణములో పనిచేయును. తొట్టిలో పంపు నీటిలో మునిగియుండును, కొన్నింటిలో వేడిచేయు కడ్డీ యుండును, పైన దీపముండును. మన యిండ్లలో ఈ మూడింటి తీగెలును ఒక ఎక్స్‌టెన్షన్ పెట్టెలోనికి పోవును, ఆ పెట్టె సరిగా తొట్టి క్రింద నేలపై యుండును, తొట్టినుండి కారు ప్రతి చుక్కయు దానిపై పడును. పెట్టెను తొట్టికి దూరముగ, ఎత్తున గోడకు బిగింపవలెను. తీగె ప్లగ్గులోనికి పోవుటకు ముందు కొంత క్రిందికి వ్రేలాడునట్లు వదలవలెను. అప్పుడు తీగె వెంట జారిన నీటిచుక్క ఆ వ్రేలాడు చోటనుండి నేల రాలును గాని ప్లగ్గులోనికి ప్రాకదు.

చేయి పెట్టుటకు ముందు ప్లగ్గునే ఊడదీయవలెను. స్విచ్చు ఆపితిమి కదా యన్న ధీమా చాలదు. తెలియనివారు తీగెలు కలిపిన యిండ్లలో స్విచ్చు న్యూట్రల్ తీగెపై పడియుండును. అప్పుడు స్విచ్చు ఆపినను కరెంటు పంపువరకు వచ్చి నిలిచియే యుండును. ఎర్తు తీగె లేని రెండు పిన్నుల సామగ్రిని నీటివద్ద వాడరాదు. ఎర్తు గుంట ఎండిపోయినచో అది ఉండియు లేనట్లే. వేసవిలో దానిలో నీరు పోయించుడు. 30 మిల్లీ ఆంపియర్ల కరెంటు దారి తప్పగానే తనంత తానే సరఫరాను తెంపివేయు రక్షణ స్విచ్చును బడిలోను, కార్యాలయములోను పెట్టించుట పంచాయతీకి పెద్ద భారము కాదు. కడ్డీ యున్నచో ప్లగ్గు తీసిన తరువాత పావుగంట ఆగి నీరు తోడవలెను. వేడిమీద గాలి తగిలినచో దాని గాజు పగులును. ఎవరికైనను షాకు తగిలినచో వారిని ముట్టుకొనక, మొదట మెయిను ఆపవలెను.

మీలో కొల్లేటి చుట్టుపట్ల గ్రామములవారు, భీమవరము, కైకలూరు ప్రాంతములవారు ఉన్నారు. మీకు గాజుతొట్టి చిన్నమాట. మీ చెరువులే తొట్లు. చేపలు పట్టువారికిని, రొయ్యల తలలు తీయువారికిని ఈ జాగ్రత్తలన్నియు వర్తించును. రొయ్య నెత్తిమీది ముల్లు గుచ్చుకొనని చేయి వారిలో ఉండదు. జెల్ల, ఇంగిలాయి వంటి చేపల ముల్లులో విషముండును. గుచ్చుకొన్నచో ఓర్చుకొనదగినంత వేడినీటిలో, దాదాపు 45 డిగ్రీలలో, అరగంట మొదలు గంటన్నర వరకు చేతిని ముంచియుంచినచో విషము చెడి నొప్పి తగ్గును. నీటి వేడిని గాయములేని చేతితో ముందు చూచుకొనవలెను. నొప్పితో నున్న చేతికి కాలుట తెలియదు.

ఉప్పునీటి చెరువులలో విబ్రియో అను మరియొక జాతి సూక్ష్మజీవులు కలవు. దర్జీని పట్టినది నత్తవలె నడచునది. ఇది పామువలె కాటువేయును. గాయమైన ఒకటి రెండు దినములలోనే చేయి వాచి, ఎర్రబారి, నీటి బొబ్బలు లేచి, జ్వరము వచ్చినచో తెల్లవారువరకు ఆగరాదు, ఆ రాత్రియే ఆసుపత్రికి పోవలెను. కాలేయ వ్యాధి గలవారికి, మద్యపానము వలన కాలేయము చెడినవారికి, మధుమేహము గలవారికి ఇది ప్రాణాంతకము కావచ్చును. ఇట్టివారిని గాయములతో చెరువులోనికి దింపరాదని చెరువు యజమానులకు పంచాయతీ చెప్పవలెను. కూలి పోవునని వారు తమంత తాముగా చెప్పరు.

కార్యాలయములోని తొట్టిని ఎవరు శుభ్రము చేయుచున్నారు? మేము చూచిన చోట్ల ఉదయము మురుగు కాలువ తీసిన పారిశుద్ధ్య కార్మికునినే మధ్యాహ్నము పిలిచి, "ఒరే, ఆ చేపలకు నీళ్లు మార్చు" అనుచున్నారు. అతనికి ఇచ్చిన తొడుగులు ఒకటే జత. కాలువలో వాడినవి తొట్టిలో పెట్టినచో చేపలు చచ్చును గనుక అతడు వట్టిచేతులతో దిగును. కాలువ పనిలో గీరుకొన్న చేతులవి. తొట్టిని ముచ్చటపడి పెట్టినది ఒకరు, చేయి ముంచునది వేరొకరు. ఇది మాకు న్యాయముగ తోచలేదు. తొట్టికి వేరుగ ఒక జత తొడుగులు, ఒక సబ్బు, ఒక తువాలు కొనుడు, లేదా తొట్టిని తీసివేయుడు. మరియొక మాట: గాజుపై పట్టిన ఉప్పుమరకలను పోగొట్టుటకు ఆసిడ్‌ను, బ్లీచింగు పొడిని కలిపి వాడినచో క్లోరిను విషవాయువు పుట్టును. మరకలకు నిమ్మరసము చాలును. కొళాయి నీటిని ఒక దినము మూతలేని బకెట్టులో నిలువయుంచి పోసినచో అందలి క్లోరిను పోవును. తీసిన నీటిని పూలమొక్కలకు పోయించుడు.

తొట్టిలో విసుగుపుట్టిన చేపలను ఊరి చెరువులో వదలుట పుణ్యకార్యముగ కొందరు భావించుచున్నారు. పాచి తినునని కొను సక్కరు చేప ఇట్లు చెరువులలో చేరి పెరిగినది. మీ జాలరులు దానినే దెయ్యం చేప యనుచున్నారు. దాని ఒళ్లంతయు గట్టి పొలుసు, రెక్కలకు ముండ్లు. వలలు చినుగును, వల విడదీయువారి చేతులు చీరుకొనును. అట్టి చేపను వదలక, ఇచ్చిన దుకాణమునకే తిరిగి ఇచ్చివేయుడు.

మాటలు చాలును. ఈ బల్లమీద నొక తొట్టి పెట్టించియున్నాము. దానిలో ఆరు చేపలు, వారముదినముల పాచి ఉన్నవి. మీలో చేతికి గాయము లేనివారు ఇద్దరు ముందుకు రండు. ఉంగరము తీసి జేబులో వేసికొనుడు. తొడుగులు ఇవిగో, చిల్లులు చూచుకొనుడు. అధ్యక్షా, మీ కుర్చీ వెనుక గోడకున్నదే, ఆ ప్లగ్గును దయచేసి ఊడదీయుడు.